అమ్మాయి సూడిదలకి నా చేత్తో మిఠాయిలు చేయాలని ఉంది

ప్రశ్న: అక్కా, మాది తణుకు. మా పెద్దమ్మాయికి ఆరో నెల నడుస్తోంది. ఏడో నెలలో విజయవాడలో వాళ్ల అత్తగారింట్లో శ్రీమంతం. సూడిదలు మేమే పట్టుకెళ్లాలి. ఎనభై మంది దాకా వస్తారట. ఈ మధ్య ఎక్కడ చూసినా పళ్లేల్లో పళ్లలా, పువ్వుల్లా, చిలకల్లా చేసిన మిఠాయిలే. మా ఆయన ‘కొనేద్దాం, ఎందుకీ కష్టం’ అంటారు. నాకేమో నా చేత్తో చేసి, ముద్దుగా అలంకరించి పెట్టాలని ఉంది. వంట బాగానే వచ్చు కానీ ఇలాంటి బొమ్మలు ఎప్పుడూ చేయలేదు. వంకరటింకరగా వస్తే వియ్యపురాలి ముందు చిన్నబోతానేమో. రంగులు వాడొచ్చా? ఎన్ని రోజుల ముందు మొదలుపెట్టాలి? చలిమిడి మీద అమ్మాయి పేరు రాయొచ్చా? ఇంకో బాధ కూడా ఉంది. మొన్న పరీక్షల్లో అమ్మాయికి షుగర్ కనిపించింది. తీపి తగ్గించమన్నారు. తను తినలేని మిఠాయిలు తనకోసం చేయడమేమిటని మనసు పీకుతోంది. — ఒక తల్లి

జవాబు: చెల్లెమ్మా, మీరు చివర్లో రాసిన సంగతే నేను ముందు అందుకుంటాను. అది తేలితే మిగతాదంతా పనే, టెన్షన్ కాదు.

శ్రీమంతం రోజు ఏం జరుగుతుందో మీకు తెలుసు. ముత్తయిదువులు ఒక్కొక్కరే వస్తారు, గంధం రాస్తారు, గాజులు తొడుగుతారు, పళ్లెంలోంచి కొంచెం తుంచి అమ్మాయి నోట్లో పెడతారు. ఒక్కొక్కరు పెట్టేది చిటికెడే. పాతికమంది పెడితే అది పెద్ద స్వీటే అవుతుంది. ఆ పిల్ల వద్దనలేదు, పెద్దవాళ్లు ప్రేమగా పెడుతున్నారు కదా. కాబట్టి తను వద్దనాల్సిన అవసరమే రాకుండా చూడండి. అమ్మాయి ముందుండే పళ్లేన్ని వేరుగా తయారు చేయండి. చూడ్డానికి అవే పువ్వులు, అవే చిలకలు. లోపలిది మాత్రం కోవా కాదు, ఇంట్లో విరిచిన పన్నీరు.

లీటరు ప్యాకెట్ పాలు బాగా పొంగనిచ్చి, నిమ్మరసం పిండి విరగ్గొట్టండి. పల్చటి గుడ్డలో వడకట్టి, పులుపు పోయేలా చన్నీళ్లతో కడిగి, అరగంట వేలాడదీయండి. తర్వాత పళ్లెంలో వేసి అరచేతి మడమతో రుద్దుతూ మెదపాలి. మొదట రవ్వరవ్వగా ఉంటుంది. ఐదారు నిమిషాలకి చేతికి నునుపు తెలుస్తుంది, ముద్ద పగుళ్లు లేకుండా నిలుస్తుంది. అప్పుడు కాస్త ఉప్పు, మిరియాల పొడి, వేయించి దంచిన జీలకర్ర కలపండి. అచ్చుకి నెయ్యి రాసి ఒత్తితే పువ్వు వస్తుంది. మధ్యలో నాలుగు నల్లనువ్వులు అద్దండి. కొన్నిటిని సన్నగా తరిగిన కొత్తిమీరలో దొర్లించండి. పక్కన కీరదోస చక్రాలు, పై పొట్టు తీసిన బాదం. రుచిగా ఉంటుంది, ఎవరు ఎంత పెట్టినా మీకు గుండె దడ ఉండదు. అయినా ఈ జాబితా ఒకసారి తన డాక్టరుకో, డైటీషియన్‌కో చూపించి సరేననిపించుకోండి.

పంచదార మానేసి బెల్లంతోనో, ఖర్జూరంతోనో చేస్తే ఫరవాలేదని చుట్టాల్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. తేనె పేరు కూడా ఎత్తుతారు. ఇవన్నీ రక్తంలో చక్కెరని పెంచేవే. ‘ఇది బెల్లంది, తినమ్మా’ అని మీరు కూడా పెట్టకండి. సంప్రదాయం కోసం చలిమిడి ఒక్క పలుకు నోట్లో పెట్టాలనుకుంటే, అది ఎంత ఉండొచ్చో, భోజనానికి ముందో తర్వాతో డాక్టరునే అడగండి.

ఈ పళ్లెం సంగతి ఎవరికి చెప్పాలన్నది మాత్రం మీ అమ్మాయి ఇష్టం. తనకి షుగర్ ఉందని నలుగురికీ తెలియడం తనకి ఇష్టం లేకపోవచ్చు. ముందు ఫోన్ చేసి అడగండి. వాళ్ల అత్తగారికి ఎలాగూ తెలిసే ఉంటుంది. ఆవిడతోనే ‘వదినగారూ, అమ్మాయికి ఈ పళ్లెంలోంచే పెట్టేలా మీరు దగ్గరుండి చూడండి’ అనండి. ఆ రోజు ఆవిడ ఇంట్లో ఆవిడ మాట చెల్లుతుంది. పైగా ఆ పళ్లేనికి కాపలా ఆవిడే అయితే, ఆవిడ ముందు చిన్నబోవడమనే మాటే ఉండదు.

ఇక మిఠాయిలు. ఎనభై మందికీ మీరే చేయాలన్న పట్టు ముందు వదిలేయండి. లెక్క చూడండి. చిక్కటి పాలు లీటరు ఇగిరిస్తే 200 గ్రాముల దాకా కోవా వస్తుంది. చక్కెర కలిపాక 20 గ్రాముల బొమ్మలు ఓ డజను అవుతాయి. మనిషికి రెండంటే 160 బొమ్మలు, అంటే పదమూడు లీటర్ల పై మాటే. అన్ని పాలు కలియబెట్టి, అన్ని బొమ్మలకి ముక్కులూ రెక్కలూ పెట్టేసరికి మీరు ఫంక్షన్‌కి కళ్లు వాచి వెళ్తారు. వచ్చినవాళ్లకి పంచడానికి లడ్డూలో, తాపేశ్వరం కాజాలో కొనుక్కోండి. మీ ఆయన మాట ఆ మేరకు నెగ్గినట్టూ ఉంటుంది. మీ చేతి పని నాలుగు పళ్లేలకి చాలు: చలిమిడి, కోవా బొమ్మలు, కజ్జికాయలు, పూతరేకులు.

పూతరేకులంటే భయపడకండి. రేకు తీయడం ఏళ్ల తరబడి చేస్తేగానీ రాని పని. బోర్లించిన కుండ వేడి ఎంతుండాలో, పిండి నీళ్లలో ముంచిన గుడ్డని ఎంత వేగంగా లాగాలో ఆత్రేయపురం ఆడవాళ్ల చేతులకే తెలుసు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మీకు గోదావరి దాటితే ఆత్రేయపురమే. ఖాళీ రేకులు తెప్పించుకుని, బెల్లం పొడి, నెయ్యి, సన్నగా తరిగిన జీడిపప్పు, పిస్తా మీరే వేసి చుట్టండి. రేకు మీద తడిచెయ్యి ఒకసారి అద్ది మడతపెడితే విరగదు. మడతల మీద చివరగా ఎండు గులాబీ రేకలు రెండు. అంతకు మించి అలంకారం దానికి అక్కర్లేదు, ఆ తెల్లదనమే అందం.

కోవా బొమ్మల దగ్గర కొంచెం ఎక్కువసేపు కూర్చుందాం, మీ భయమంతా అక్కడే కదా. రెండు లీటర్ల పాలు చాలు, రెండు డజన్లు వస్తాయి. వెడల్పాటి మందపాటి మూకుడులో, సన్నటి సెగ మీద, అడుగంటకుండా కలుపుతూ ఉండాలి. ఇది మీ ఆయనకి అప్పగించండి. నిజంగానే చెబుతున్నాను. గంట, గంటన్నర గరిటె తిప్పిన తండ్రికి ఆ పళ్లెం మీద హక్కు వస్తుంది, ‘కొనేద్దాం’ అనే మాట మళ్లీ రాదు. పాలు ముద్దకి వచ్చాక కోవా బరువులో మూడో వంతు చక్కెర పొడి వేయండి. వేయగానే పల్చబడుతుంది, కంగారుపడకండి. మళ్లీ దగ్గరపడి, మూకుడుని వదిలి గరిటె చుట్టూ తిరిగినప్పుడు దించేయాలి. గోరువెచ్చగా ఉన్నప్పుడే మెదపాలి. పూర్తిగా చల్లారితే పగుళ్లు వస్తాయి, వేడిగా ఉంటే ఆకారం నిలవదు. పగిలితే అరచేతికి రెండు పాల చుక్కలు రాసుకోండి. చేతికి అంటుకుంటే పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీయండి.

బజారు కోవా కొనాల్సి వస్తే చిటికెడు తీసి నీళ్లలో మరిగించి, చల్లారాక రెండు చుక్కలు టింక్చర్ అయోడిన్ వేయండి. నీలంగా మారితే అందులో పిండి కలిపారన్నమాట. పరీక్ష చేసింది పారబోయండి.

మొదట మామిడిపండు చేయండి, అది ఎవరికైనా వస్తుంది. చెంచాడు వేడి పాలల్లో కుంకుమపువ్వు పది నిమిషాలు నానబెట్టి ఆ పాలు కోవాలో కలిపితే పండిన రంగు వస్తుంది. ముద్దని అరచేతుల మధ్య గుండ్రంగా తిప్పి, ఒక పక్క బొటనవేలితో కొంచెం నొక్కి మొన తీయండి. తొడిమ దగ్గర లవంగం గుచ్చండి. బీట్‌రూట్ రసంలో వేలి కొస ముంచి, గుడ్డకి అద్దేసి, ఆ మిగిలిన తడితో పండు బుగ్గ మీద ఒక్కసారి రుద్దితే సగం పండిన ఎరుపు వస్తుంది. ఒక్కసారే. రెండోసారి రుద్దితే మరకలా కనిపిస్తుంది.

చిలకకి పిస్తా కావాలి. గుప్పెడు పిస్తా పప్పుని వేడినీళ్లలో నానబెట్టి, పొట్టు ఒలిచి, తడి ఆర్చి, మెత్తగా నూరి కోవాలో కలపండి. లేత ఆకుపచ్చ వస్తుంది, బజారు చిలకలంత గాఢంగా రాదు. అదే బావుంటుంది. ముద్దని ఒక కొస లావుగా, ఒక కొస సన్నగా పొడవుగా చేసి, లావు కొసని కొంచెం పైకి వంచితే తల. సన్న కొసని పళ్లేనికి ఒత్తి, కొత్త దువ్వెన పళ్లతో గీతలు గీస్తే తోక. బీట్‌రూట్ కలిపిన కోవా పెసరగింజంత తీసుకుని కిందకి వంపు తిరిగేలా ముక్కు అతికించండి. కన్నుకి నల్లనువ్వు. పుల్ల కొసని తడిచేసి నువ్వుగింజని దానికి అంటించి తెచ్చి పెడితే సరిగ్గా కుదురుతుంది, వేళ్లతో పెడితే ఎక్కడికో పోతుంది. కన్ను ఎక్కడ పడిందన్నదాన్ని బట్టే చిలక కోపంగానో, అమాయకంగానో కనిపిస్తుంది. ముక్కుకి మరీ దగ్గరగా కాకుండా, కొంచెం పైకి పెట్టి చూడండి.

వంకరగా వస్తే అన్నారు కదా. రెండు డజన్ల చిలకలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే కొన్నారనుకుంటారు. ఒకటి పక్కకి చూస్తూ, ఒకటి కాస్త బొద్దుగా ఉంటే మీరు చేశారని తెలుస్తుంది. మరీ కుదరనివి ఇంట్లో పిల్లలకి పెట్టేయండి. ఫంక్షన్‌కి వారం ముందు అర లీటరు పాలతో ఒకసారి చేసి చూసుకుంటే చెయ్యి అలవాటుపడుతుంది.

రంగుల గురించి గట్టిగానే చెబుతాను. పొట్లాల్లో విడిగా అమ్మే పొడి రంగులు ముట్టుకోకండి. మన దేశంలో తిండిలో వాడటానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిదే. మిఠాయిల్లాంటివాటిలో అవి కూడా కిలోకి 100 మిల్లీగ్రాములు మించకూడదు. ఇంట్లో చిటికెలతో వేసేవాళ్లకి ఆ కొలత అందదు. రోడమిన్-బి, మెటానిల్ ఎల్లో లాంటివి అసలు తిండికి పనికిరానివి. అయినా బజార్లో దొరుకుతూనే ఉంటాయి. పీచుమిఠాయి గులాబీ రంగులో రోడమిన్-బి బయటపడే 2024లో తమిళనాడులో దాని అమ్మకాలే నిషేధించారు. మీకు కావాల్సినవి మూడు రంగులు. పసుపుకి కుంకుమపువ్వు, ఆకుపచ్చకి పిస్తా, ఎరుపుకి బీట్‌రూట్. బీట్‌రూట్ తురిమి పిండి, ఆ రసాన్ని చెంచాడు అయ్యేదాకా సన్నసెగ మీద ఇగిరించుకోండి. కోవా దించాకే కలపండి. పొయ్యి మీద ఉండగా వేసి ఉడికిస్తే ఎరుపు పోయి గోధుమ రంగులోకి దిగుతుంది. పసుపు పొడి మాత్రం వద్దు, కోవాలో కూర వాసన వస్తుంది.

వెండి రేకు కూడా నాకు అంత ఇష్టం లేదు. తప్పదంటే నమ్మకమైన చోట కొని, కొంచెం వేళ్ల మధ్య నలిపి చూడండి. అసలుది పొడైపోతుంది, అల్యూమినియం అయితే అలా పొడి కాదు. మెరుపుల పొడి, థర్మాకోల్ పూసలు, అతికించే ముత్యాలు, గుండుసూదులు పళ్లెం దరిదాపుల్లోకి రానివ్వకండి. పిల్లలు తిండి పక్కన ఉన్నదంతా తిండే అనుకుంటారు. పూలు కూడా చూసి పెట్టాలి. గన్నేరు విషం, నందివర్ధనం కూడా తినే వస్తువు పక్కన పెట్టేది కాదు. బజారు గులాబీలకి మందులు కొడతారు. పెరట్లో మందు కొట్టని నాటు గులాబీ ఉంటే కడిగి వాడండి, లేకపోతే తమలపాకులు చాలు, పళ్లెం అంచంతా నిండుగా కనిపిస్తుంది. చంటిపిల్లల చేతికిచ్చే బొమ్మల్లోంచి లవంగం తీసేయండి.

పంచదార చిలకలు సూడిదల్లో ఉండాలంటే అవి కొనండి. చెక్క అచ్చుల్ని నీళ్లలో నానబెట్టి, కాగిన పాకం సరిగ్గా తెల్లబడే సమయానికి పోయాలి. అచ్చులూ, అనుభవమూ రెండూ కావాలి. పాకం చేతిమీద పడితే ప్రమాదం.

కజ్జికాయల్లో అందమంతా అంచు మడతలోనే ఉంది. అచ్చు వాడితే పళ్ల గీతలే వస్తాయి. చేత్తో మడిస్తే అల్లిన జడలా ఉంటుంది. పూరీలో పుట్నాలపప్పు పొడి, ఎండుకొబ్బరి, చక్కెర వేసి సగానికి మూసి, తడివేలితో అంచు గట్టిగా నొక్కాలి. తర్వాత ఒక మూల నుంచి అంచుని బొటనవేలితో కొంచెం లాగి లోపలికి మడిచి నొక్కడం, ఆ మడత పక్కనే మళ్లీ కొంచెం లాగి మడవడం. మడతలు దగ్గరదగ్గరగా పడితే నూనెలో విచ్చుకోవు. మీ ఇంట్లో అత్తగారో, పెద్దమ్మో ఉంటే ఈ పనికి వాళ్లని పిలవండి. పాతవాళ్ల చేతికి ఇది చూడకుండానే వస్తుంది. పిండిలో కొంత భాగం నీళ్లకి బదులు బీట్‌రూట్ రసంతో కలిపితే వేగాక కూడా లేత ఎరుపు ఛాయ నిలుస్తుంది. సెగ ఎక్కువైతే మాత్రం నల్లబడుతుంది.

రోజుల లెక్క ఇలా పెట్టుకోండి. కజ్జికాయలు ఐదారు రోజుల ముందు చేసి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పెట్టండి. చలిమిడి పాకంతో చేసేది కాబట్టి రెండు రోజుల ముందు. బియ్యం ముందురోజు రాత్రి నానబెట్టి, వడకట్టి, తడి ఆరిపోకముందే పిండి పట్టించాలి. కిలో బియ్యానికి ముప్పావు కిలో దాకా బెల్లం పడుతుంది. ఉండపాకం రాగానే దించి, పిండి పోస్తూ కలిపి, నెయ్యి, వేయించిన కొబ్బరి ముక్కలు, గసగసాలు, ఏలకుల పొడి వేయడమే. కోవా బొమ్మలు ముందురోజు మధ్యాహ్నం చేసి ఫ్రిజ్‌లో మూతపెట్టి ఉంచండి. పూతరేకులు ముందురోజు సాయంత్రం. పన్నీరు మాత్రం ఆ తెల్లవారుజామునే విరవండి.

విజయవాడకి కారులో రెండున్నర, మూడు గంటలు. కోవా బొమ్మలు ఒకే వరసలో, కదలకుండా కాగితపు గిన్నెల్లో పెట్టి, ఐస్ ప్యాకులున్న పెట్టెలో పెట్టండి. పన్నీరు కూడా అందులోనే. అక్కడికి వెళ్లగానే ఫ్రిజ్‌లో పెట్టించి, కూర్చోబెట్టే సమయానికి తీసి పళ్లేల్లో సర్దండి. పన్నీరు, కోవా రెండూ గది వేడిలో రెండు గంటలు దాటనివ్వకండి, కడుపుతో ఉన్న పిల్ల తినేవి కదా. జీడిపప్పో, వేరుసెనగో పడనివాళ్లు ఎవరైనా ఉన్నారేమో వియ్యపురాలిని ముందే అడిగి ఉంచుకోండి.

చలిమిడి మీద పేరు అడిగారు. తప్పకుండా రాయండి. వెడల్పాటి పళ్లెంలో చలిమిడిని నెయ్యి చేత్తో నునుపుగా సర్ది, అంచు చుట్టూ విడదీసిన జీడిపప్పు బద్దలు ఐదేసి రేకుల పువ్వులుగా పేర్చండి. వంపు బయటికి ఉండాలి, మధ్యలో కిస్‌మిస్. పేరు కోసం కాగితం మీద అక్షరాలు కత్తిరించి కొబ్బరిపొడి చల్లే పద్ధతి ఉంది కానీ మన అక్షరాల సున్నాల మధ్య ముక్కలు ఊడిపోయి గజిబిజి అవుతుంది. తెల్ల కోవాని పళ్లెం మీద వేళ్లతో దొర్లించి సన్నటి తాడులా చేయండి. ముందు పుల్లతో చలిమిడి మీద పేరు లేతగా గీసుకుని, ఆ గీత వెంబడి తాడుని పరుచుకుంటూ పోండి. తలకట్లు, కొమ్ములు, ఒత్తులు విడిగా చేసి తర్వాత అతికించండి. కారు కుదుపులకి కదిలిపోతుంది కాబట్టి ఈ ఒక్క పనీ విజయవాడ చేరాకే చేయండి, గుప్పెడు కోవా విడిగా పట్టుకెళ్లండి.